గరిక లాన్‌లో బ్లూబానెట్లు: విత్తనం ఎప్పుడు చల్లాలి, మోవర్ ఎప్పుడు ఆపాలి?

ఫ్రిస్కో_పెరడు అడిగారు:

నమస్కారమండీ. టెక్సాస్‌లో డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో ఇల్లు. ముందు లాన్ అంతా బెర్ముడా, అంటే మన గరికే. రోడ్డు వైపు కాస్త వాలుగా 30 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున్న పట్టీ ఒకటుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండే. మట్టి నల్లగా ఉంటుంది. తడిస్తే చెప్పులకి అంటుకుంటుంది, ఆగస్టులో వేలు దూరేంత పగుళ్లు పడతాయి.

ఆ పట్టీలో మార్చి, ఏప్రిల్ నెలల్లో బ్లూబానెట్లు (టెక్సాస్ రాష్ట్ర పుష్పం, నీలి పూలు) పూయాలి. జూన్‌కల్లా మళ్లీ మామూలు లాన్‌లా కనిపించాలి. గరికని పీకెయ్యడం కుదరదు. రెండూ ఒకేచోట సాధ్యమేనా? ఎంత విత్తనం కావాలి, ఎప్పుడు చల్లాలి, గడ్డి కొయ్యడం ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఆపాలి? హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు నోటీసు పంపకుండా ఏం చెయ్యాలో కూడా చెప్పగలరు.

---

నల్లరేగడి:

సాధ్యమేనండీ. పైగా సెయింట్ ఆగస్టీన్ (ఇంకో రకం లాన్ గడ్డి) ఉన్నవాళ్లకంటే మీకు సులువు. చలి తగలగానే గరిక గోధుమరంగుకి తిరిగి నిద్రపోతుంది. బ్లూబానెట్ సరిగ్గా అప్పుడే పెరిగే మొక్క. శీతాకాలమంతా పట్టీ దానిదే. మార్చి చివర్లో గరిక మేలుకునేసరికి ఇది పూతమీద ఉంటుంది. ఇబ్బంది వచ్చేదల్లా ఏప్రిల్ మధ్య నుంచి మే చివరిదాకా, ఆ ఆరువారాలే. గడ్డి ఎదుగుతుంటుంది, కొయ్యడానికి వీల్లేదు. దానికి సిద్ధపడితే మిగతాదంతా పనితనమే.

ముందు విత్తనం సంగతి. ప్యాకెట్ మీద లుపినస్ టెక్సెన్సిస్ అని ఉందో లేదో చూడండి. 1901లో రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది నిజానికి లుపినస్ సబ్‌కార్నోసస్‌ని. అది ఇసుక నేలల మొక్క, మీ నల్లమట్టిలో నిలవదు. 1971లో చట్టం సవరించి టెక్సాస్‌లో పెరిగే బ్లూబానెట్లన్నిటికీ ఆ హోదా ఇచ్చారు. ఉత్తరాది తోటల్లో రంగురంగులుగా కనిపించే పొడుగు లూపిన్ల (బ్లూబానెట్ కూడా లూపిన్ జాతిదే) ప్యాకెట్ల జోలికి పోకండి, మన ఎండకి మాడిపోతాయి.

లెక్క: తయారుచేసిన మడిలో చదరపు అడుగుకి 8 నుంచి 10 గింజలు చాలు. ఔన్సుకి సుమారు 800–1000 గింజలు తూగుతాయి కాబట్టి 300 చదరపు అడుగులకి మూడున్నర ఔన్సులు. కానీ మీరు చల్లేది మడిలో కాదు, గడ్డిలో. కొన్ని గింజలు మట్టికి తగలకుండా గడ్డి మీదే ఆగిపోతాయి, కొన్ని పిట్టల పాలు. అందుకే అర పౌను, అంటే 8 ఔన్సులు తీసుకోండి.

బ్లూబానెట్ గింజ పొట్టు రాయిలా ఉంటుంది. కరువు ఏడాదిలో అన్నీ ఒకేసారి మొలిచి చచ్చిపోకుండా మొక్క చేసుకున్న ఏర్పాటది. పొట్టుకి గాటు పడకపోతే మొదటి ఏడాది నూటికి పదిహేనో ఇరవయ్యో మొలుస్తాయి, మిగతావి తర్వాతి ఏళ్లకి దాక్కుంటాయి. యాసిడ్‌తో పొట్టు పలచన చేసిన విత్తనం అమ్ముతారు. అది తడి తగిలిన పది రోజుల్లో మొలుస్తుంది. మామూలు గింజలే దొరికితే ఇంట్లో చెయ్యొచ్చు: గాజు సీసా లోపలివైపు గరుకు కాగితం చుట్టి, గింజలు పోసి, నిగనిగ తగ్గేదాకా ఊపండి. లేదా నీళ్లు మరగబెట్టి, పొయ్యి మీంచి దించి, గింజల మీద పోసి రాత్రంతా వదిలెయ్యండి. తెల్లారి ఉబ్బినవి తీసి ఆ రోజే చల్లాలి. యాసిడ్ పెట్టినవాటిని మాత్రం మళ్లీ నానబెట్టొద్దు, కుళ్లిపోతాయి. ఇంట్లో యాసిడ్ ప్రయోగాలు అసలే వద్దు. నా సలహా, రెండొంతులు గాటు పెట్టినవి, ఒక వంతు పచ్చివి కలపండి. ఆ పచ్చివే వచ్చే ఏడాదికి బీమా.

చల్లడానికి మీ ప్రాంతంలో సెప్టెంబరు చివరి వారం నుంచి అక్టోబరు మధ్య వరకు మంచి అదను. నవంబరు మధ్య దాటితే మొలక వచ్చినా వేరు దిగే వ్యవధి ఉండదు, వసంతంలో జానెడు మొక్కకి రెండు పూలు వస్తాయి. ఫిబ్రవరిలో రోడ్డు పక్కన ఆకులు కనబడ్డాక విత్తనం కొనేవాళ్లు ఎక్కువమంది, అప్పటికి నాలుగైదు నెలలు ఆలస్యం.

పని వరస ఇది. చల్లే రోజుకి ముందు పట్టీ వరకు గరికని మోవర్‌తో అంగుళం లోపుకి కత్తిరించండి. కోసిన గడ్డి సంచిలో పట్టాలి, అక్కడే వదలకూడదు. తర్వాత ఇనుప పళ్ల రేక్‌తో గట్టిగా గీకి, అడుగున పేరుకున్న ఎండుగడ్డి పొర లాగెయ్యండి. పైనుంచి చూస్తే సగం మట్టి కనిపించాలి. అంతకుమించి తవ్వకండి. అంగుళం కంటే లోతుగా కదిపితే అడుగునున్న కలుపు గింజలు పైకొస్తాయి, తెగిన గరిక కణుపులన్నీ కొత్త మొక్కలవుతాయి.

విత్తనానికి నాలుగింతలు పొడి ఇసుక కలిపి, రెండు సగాలు చెయ్యండి. ఒక సగం పొడుగునా, రెండోది అడ్డంగా చల్లితే అంతటా సమంగా పడుతుంది. ఇసుక తెల్లగా కనబడుతుంది కనుక ఎక్కడ ఖాళీ ఉందో తెలుస్తుంది. ఆ తర్వాత రేక్ వీపుతో మెల్లగా కదిపి, నీళ్లు నింపిన రోలర్‌తో తొక్కించండి, లేదా చెప్పులతో అడుగులో అడుగేసి నడవండి. గింజ మట్టిని అంటుకోవడమే ముఖ్యం. పావు అంగుళం కంటే లోతుకి పోకూడదు.

నీళ్లు: మొదటి రెండు మూడు వారాలు పైమట్టి ఆరకుండా చూస్తే చాలు. మీది వాలు, పైగా బంకమట్టి, కాబట్టి ఒకేసారి పావుగంట పెడితే నీళ్లతోపాటు గింజలు కూడా రోడ్డెక్కుతాయి. మూడు నాలుగు నిమిషాల చొప్పున పొద్దున ఒకసారి, సాయంత్రం ఎండ తగ్గకముందే ఒకసారి. మొలకలు రెండు నిజమైన ఆకులు వేశాక ఆ జోన్ స్ప్రింక్లర్ కట్టెయ్యండి. తర్వాత మూడు నాలుగు వారాలు వానే లేకపోతే ఒక తడి, అంతే. ఇక్కడ బ్లూబానెట్లు దాహంతో చచ్చేవి తక్కువ, నీళ్లెక్కువై చచ్చేవే ఎక్కువ. మొలక మట్టి దగ్గర దారంలా సన్నబడి, గోధుమరంగుకి తిరిగి, వాలిపోయిందంటే అది నారుకుళ్లు. మందుల కంటే ముందు నీళ్లాపండి.

ఎరువు వద్దు. ఇది పప్పుజాతి మొక్క, వేరు బుడిపెల్లో నత్రజని తనే కట్టుకుంటుంది. మనం జీలుగ, జనుము వేసి దున్నేది ఇందుకేగా. నత్రజని వేస్తే బలిసేది గడ్డీ కలుపూ. కొత్త కాలనీల్లో బిల్డరు పైమట్టి ఎత్తేసిన చోట మాత్రం మొదటిసారి విత్తనానికి రైజోబియం (వేళ్లలో నత్రజని కట్టే బాక్టీరియా) పట్టిస్తే లాభం. లూపిన్‌కి పనికొచ్చే రకం అని రాసి ఉండాలి. వేరుశనగకో బఠానీకో అమ్మేది దీనికి సరిపోదు.

---

గడ్డి_డాక్టరు:

పైన చెప్పినవన్నీ చేసినా ఒక్క మొలక రాకపోవడానికి ఒకే కారణం చాలు: ప్రీ-ఎమర్జెంట్, అంటే కలుపు గింజలు మొలవకుండా ముందే చల్లే మందు. డాలస్ చుట్టుపక్కల లాన్ కంపెనీలు సెప్టెంబరు మధ్యలో ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి చల్లుతాయి. ప్రోడయమిన్, పెండిమెథాలిన్, డైథయోపిర్, ఐసాక్సాబెన్ అని డబ్బా మీద ఏది కనబడినా అర్థం ఒకటే, మొలకెత్తే గింజ వేరు పొయ్యలేదు. అది కలుపా, మీరు డబ్బు పెట్టి కొన్నదా అని మందుకి తెలియదు. ప్రోడయమిన్ అయితే మోతాదుని బట్టి నెలల తరబడి మట్టిలో ఉంటుంది.

కంపెనీకి ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. పట్టీ నాలుగు మూలలా చిన్న జెండాలు పాతి, "ఇక్కడ ఏ మందూ వద్దు" అని రాతపూర్వకంగా పంపండి. వచ్చే మనిషి ప్రతిసారీ వేరే ఉంటాడు, ట్యాంకు మాత్రం ఒకటే.

శీతాకాలంలో గరిక నిద్రలో ఉన్నప్పుడు వెడల్పాకు కలుపు మీద కొట్టే 2,4-డి, డైకాంబా కూడా అంతే. బ్లూబానెట్ వెడల్పాకు మొక్కే. "వీడ్ అండ్ ఫీడ్" (కలుపుమందు, ఎరువు కలిపినది) సంచి తెరిస్తే ఆ పట్టీకి ఆరడుగుల దూరంలో ఆగాలి. వాలు పైభాగంలో వేసినా వానకి కిందికే కొట్టుకొస్తుంది.

ఈ సెప్టెంబరు మందు ఇప్పటికే పడిపోయి ఉంటే గింజలు వృథా చేసుకోకండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నర్సరీల్లో 4 అంగుళాల కుండీల్లో మొక్కలు దొరుకుతాయి. రోడ్డు అంచున అడుగుకొకటి చొప్పున ముప్పై మొక్కలు ఒక వరస పెట్టుకోండి. నాటేటప్పుడు ఆకులన్నీ కలిసే మొదలు మట్టికి సమంగానో రవ్వంత పైనో ఉండాలి. పూడిస్తే వారంలో కుళ్లుతుంది.

ఇంకోటి. చలికాలంలో పచ్చగా ఉండాలని గరిక మీద రై గడ్డి చల్లే అలవాటుంటే పట్టీ వరకు మానెయ్యండి. గరిక నిద్రపోతుందన్న ఒక్క సౌకర్యాన్నీ అది పోగొడుతుంది.

---

ఫ్రిస్కో_పెరడు:

చాలా ఉపయోగపడిందండీ ఇద్దరికీ. మందు ఇంకా పడలేదు, ఇవాళే ఆపించాను. రెండు సందేహాలు. అక్టోబరు, నవంబరు నెలల్లో గరిక ఇంకా పెరుగుతూనే ఉంటుంది కదా, మొలకలున్నప్పుడు కొయ్యొచ్చా? మొలకని కలుపు నుంచి గుర్తుపట్టేదెలా?

---

ప్లేనో_పూలబాట:

మొదట వచ్చేవి రెండు మందపాటి, గుండ్రటి ఆకులు, బఠానీ బద్దల్లా ఉంటాయి. ఆ తర్వాత వచ్చే నిజమైన ఆకే గుర్తు. చెయ్యి చాపినట్టు ఒకే చోటి నుంచి ఐదు రెక్కలు విచ్చుకుంటాయి, అరుదుగా ఆరు ఏడు. అంచున సన్నటి నూగు. పొద్దున్నే చూస్తే రెక్కలు కలిసే చోట నీటి బొట్టు నిలిచి ఉంటుంది. మూడు రెక్కలే ఉంటే అది బర్ క్లోవర్, పీకెయ్యొచ్చు. అంచులు చీలికలుగా ఉన్న గుండ్రటి ఆకు, నలుపలకల కాడ, ఊదా పువ్వు ఉంటే హెన్‌బిట్. అదీ తియ్యండి, వాన పడ్డ మర్నాడు చేత్తో లాగితే వేరుతో వస్తుంది.

డిసెంబరు, జనవరి నెలల్లో మొక్క నేలకి అతుక్కుని చిన్న పళ్లెంలా ఉంటుంది. "ఎదగట్లేదు" అని నీళ్లూ ఎరువూ వేసేది అప్పుడే. ఎదుగుతున్నది వేరు. మామూలు మంచుకి ఏమీ కాదు, ఆకు కాస్త ఎర్రబడుతుందంతే.

కొయ్యడం సంగతి: నవంబరులో మొదటి గట్టి మంచు పడేదాకా, మోవర్ 3 అంగుళాల పైన పెట్టి కొయ్యొచ్చు. మొక్క దానికి అందదు. ఫిబ్రవరి మొదటి వారం తర్వాత మోవర్ పట్టీలోకి పోకూడదు, నడిమి కాడ లేవడం మొదలవుతుంది. ఓక్ చెట్టు దగ్గరుంటే రాలిన ఆకుల్ని మాత్రం వారానికోసారి ఊదెయ్యండి. తడి ఆకుల కింద మొలకలు పదిరోజులు ఉంటే పసుపెక్కి పోతాయి.

పురుగుల్లో అసలు శత్రువు రోలీ-పోలీ. ముట్టుకుంటే గోళీలా చుట్టుకునే బూడిదరంగు జీవి. బద్దాకుల దశలో మొలకని రాత్రికి రాత్రి కాడ దగ్గర కొరికేస్తుంది. పొద్దున చూస్తే మొలకే ఉండదు, పిట్ట తినేసిందనుకుంటారు. టార్చి వేసుకుని రాత్రి తొమ్మిదికి చూడండి, దొంగ దొరుకుతాడు. పట్టీ చుట్టూ చెక్కపొట్టు ఉంటే రెండడుగులు వెనక్కి లాగండి, వాటి ఇల్లు అదే. ఐరన్ ఫాస్ఫేట్‌తో పాటు స్పైనోసాడ్ కలిసిన ఎర గుళికలు సాయంత్రం పలచగా చల్లితే తగ్గుతాయి. ఐరన్ ఫాస్ఫేట్ ఒక్కటే ఉన్నది నత్తలకి, వీటికి పెద్దగా పనిచెయ్యదు. మొక్కకి నాలుగైదు ఆకులొచ్చాక భయం లేదు.

పిల్లలున్న ఇల్లయితే ఇది ముందే చెప్పాలి: గింజలు, ఆకులు అన్నీ విషమే, వాటిలో చేదు ఆల్కలాయిడ్లుంటాయి. మే నెలలో కాయలు నూగుతో, అచ్చం చిన్న చిక్కుడు కాయల్లా ఉంటాయి. నోట్లో పెట్టుకోవాలనిపించేలాగే ఉంటాయి. కుక్క ఉన్నా జాగ్రత్త.

---

మెకిన్నీ_వాలు:

హెచ్‌ఓఏ గురించి ఎవరూ చెప్పలేదు. టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 202.007 సెక్షన్ 2013 సవరణ తర్వాత, కరువు తట్టుకునే మొక్కల్ని పెంచడాన్ని హెచ్‌ఓఏ పూర్తిగా నిషేధించడానికి వీల్లేదు. కానీ ముందుగా ప్లాన్ చూపించి అనుమతి తీసుకోమని అడగొచ్చు. కాబట్టి ఆగస్టులోనే ఒక కాగితం మీద కొలతలు, మొక్క పేరు, "జూన్ మొదటి వారానికి మళ్లీ కోసిన లాన్" అన్న మాట రాసి పంపండి. ఎక్కువ ఫిర్యాదులు ఆ చివరి మాటతోనే ఆగుతాయి.

నగరం నిబంధన వేరు. చాలా ఊళ్లలో గడ్డి, కలుపు 12 అంగుళాలు దాటకూడదు. బ్లూబానెట్ అడుగు నుంచి అడుగున్నర పెరుగుతుంది. పూలు ఉన్నన్నాళ్లూ ఎవరూ ఏమనరు. పూలు పోయి, కాయలు ఎండి, మధ్యలో గరిక మోకాలి కిందదాకా లేచిన మే నెల చూడ్డానికి బాగుండదు, నిజం చెప్పాలంటే పాడుబడ్డ ఇంటి ముందు గడ్డిలానే ఉంటుంది. అందుకని పట్టీ చుట్టూ రెండడుగుల అంచు ప్రతి వారం పొట్టిగా కొయ్యండి. ఇనుప ఎడ్జింగ్ సూటిగా వేస్తే ఇంకా మంచిది. "వైల్డ్‌ఫ్లవర్లు, విత్తనం కోసం ఉంచాం" అని చిన్న బోర్డు పెట్టండి. కావాలని పెంచినట్టు కనబడాలి, అంతే సూత్రం.

కాలిబాటకి మరీ దగ్గరగా వెయ్యొద్దు. ఏప్రిల్లో బ్లూబానెట్లకి పేరున్న ఎన్నిస్ ఊరిదాకా వెళ్లలేనివాళ్లంతా మీ ముందు పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటోలు తీస్తారు. ఒకసారి నలిగిన మొక్క లేవదు. (కోస్తే జైలు అని అంటుంటారు కదా, బ్లూబానెట్లు కొయ్యకూడదని ప్రత్యేక చట్టం లేదు. స్టేట్ పార్కుల్లో మాత్రం ఏ మొక్కా కొయ్యకూడదు.)

---

నల్లరేగడి:

మే నెల గురించి కొంచెం వివరంగా. అక్కడే చాలామంది తొందరపడతారు, మొత్తం ప్రయత్నం ఒక్క ఏడాదితో ఆగిపోతుంది.

పువ్వు మధ్యలో తెల్లమచ్చ ఉంటుంది చూడండి. పువ్వు ముదిరి, తేనెటీగలు వచ్చివెళ్లే కొద్దీ ఆ మచ్చ ఎర్రటి ఊదాకి మారుతుంది, తేనెటీగలు అలాంటిదాన్ని వదిలి తెల్లమచ్చ ఉన్నదాని మీద వాలతాయి. ఒక గుత్తిలో పైన తెలుపు, కింద ఎరుపు కనబడితే కింద కాయ కట్టడం మొదలైందన్నమాట. అక్కడి నుంచి గింజ పండడానికి ఆరు వారాలు పైనే పడుతుంది. డాలస్ లెక్కన ఇది మే మూడు, నాలుగు వారాలు.

తేదీ చూసి కాదు, కాయ చూసి కొయ్యండి. పచ్చకాయలోని గింజ ఆకుపచ్చగా మెత్తగా ఉంటుంది, అది మొలవదు. పండిన కాయ గోధుమరంగులో గలగలమంటుంది, గింజ బూడిదరంగు, గోరుతో నొక్కితే దిగదు. మధ్యాహ్నం ఎండలో కాయలు మెలితిరిగి చిటపట పేలి గింజని కొన్ని అడుగుల దూరం విసురుతాయి. సగానికి పైగా కాయలు గోధుమరంగుకి వచ్చాక మోవర్ తియ్యండి. పొద్దుటి మంచు ఆరాక, సంచి తగిలించకుండా, బ్లేడు 4 అంగుళాల మీద పెట్టి కొయ్యాలి. ఎండిన మొక్కల్ని రెండు మూడు రోజులు అక్కడే ఉంచి, రేక్‌తో దులిపి, అప్పుడు తీసెయ్యండి.

గరికని అదే రోజు అంగుళంన్నరకి దించకండి. అడుగుదాకా లేచిన గడ్డి మొదట్లో అంతా కాడే, ఆకు ఉండదు. ఒక్కసారి కోస్తే జూన్ ఎండకి తెల్లగా కాలినట్టవుతుంది. వారం తర్వాత 3 అంగుళాలు, ఆ పై వారం 2. గరికకి ఎరువు అప్పుడు వెయ్యండి. జూన్ నెలాఖరుకి తేడా తెలియదు.

గడ్డిలో ఇవి వాటంతటవే నిలదొక్కుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అంచేత రెండో ఏడాది, మూడో ఏడాది అక్టోబరులో కూడా రెండేసి ఔన్సులు చల్లండి, గడ్డి పొట్టిగా కోసి రేక్ వేసే పని ప్రతి ఏడాదీ తప్పదు. ఆ పని మానేస్తే గరిక చాపలా అల్లుకుని, రాలిన గింజకి మట్టి అందదు. లాన్‌లో బ్లూబానెట్లు ఏడాదికేడాది పలచబడడానికి ముఖ్య కారణం అదే.

---

ఎడిసన్_నీడ:

మధ్యలో వస్తున్నాను. మాది న్యూజెర్సీ, సగం నీడ, ఫెస్క్యూ గడ్డి. ఇదే పద్ధతి ఇక్కడ పనిచేస్తుందా?

---

ప్లేనో_పూలబాట:

చెయ్యదండీ, మీ గడ్డి చలిగడ్డి. ఫెస్క్యూ అక్టోబరు, ఏప్రిల్ నెలల్లోనే జోరుగా ఉంటుంది, పైగా నీడ. మీకు కావలసింది స్ప్రింగ్ బ్యూటీ, శాస్త్రీయంగా క్లేటోనియా వర్జినికా. వేలి గోరంత గులాబీ గీతల తెల్లపూలు, మొక్క అరడుగు లోపే. చెట్లు చిగురించకముందు పూసి, ఎండాకాలం వచ్చేసరికి ఆకుతో సహా మాయమవుతుంది. దీనికి చిన్న దుంప ఉంటుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో 3 అంగుళాల లోతున, 3 అంగుళాల ఎడంతో, పది పదిహేను దుంపలు ఒకచోట గుంపుగా గడ్డిలోనే స్క్రూడ్రైవర్‌తో కన్నం చేసి పెట్టండి. వసంతంలో మొదటి కోతని ఆకులు పసుపెక్కేదాకా వాయిదా వేసి, అప్పటికీ ఆగలేకపోతే బ్లేడు 4 అంగుళాలకి ఎత్తి కొయ్యండి. అడవిలోంచి తవ్వితెచ్చినవి కాకుండా నర్సరీలో పెంచిన దుంపలేనా అని అడిగి కొనండి. పెరట్లో ఊదా వయొలెట్లు వాటంతటవే వచ్చి ఉంటే వాటికీ ఇదే కోత సరిపోతుంది.

డాలస్‌లో ఓక్ నీడన సెయింట్ ఆగస్టీన్ ఉన్నవాళ్లకి కూడా నేను చెప్పేది ఇదే. బ్లూబానెట్‌కి కనీసం 8 గంటల ఎండ లేకపోతే కాడ సాగి పడిపోతుంది. ఎండ ఉండి, గడ్డి ఎత్తు మాత్రం పెరగకూడదనుకునేవాళ్లు రెయిన్ లిల్లీ దుంపలు పెట్టుకోవచ్చు, వాన పడ్డ నాలుగైదు రోజులకి లేచి పూసి పోతాయి, మోవర్‌ని వారం ఆపితే చాలు.

---

గడ్డి_డాక్టరు:

ఫ్రిస్కో గారికి చివరగా ఒక మాట. మొదటి ఏడాది 300 అడుగులూ వెయ్యకండి. వాలు పైభాగంలో 100 చదరపు అడుగులు వేసి, మిగతా విత్తనం గాలి చొరని సీసాలో, చల్లని పొడి చోట దాచండి. గాటు పెట్టినవి ఆ ఏడాదే వాడెయ్యాలి. పొట్టు చెక్కుచెదరని పచ్చి గింజలైతే ఏళ్ల తరబడి నిలుస్తాయి. వాలు కిందిభాగంలో వాన వెలిశాక ఒకపూట దాటి నీళ్లు నిలిస్తే ఆ భాగం మరిచిపోండి, అక్కడ గరికే మేలు.